తెల్లకణం పట్టు: లోపలి ఆదేశమా, బయటి లాగుడా?

సంకేతవాది: ఆరోగ్యంగా ఉన్న మనిషి ఎముక మజ్జ రోజుకు దాదాపు 10,000 కోట్ల న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలను తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. ప్రతి కణం పైపొర మీదా ఇంటిగ్రిన్లనే గ్రాహకాలు వేల సంఖ్యలో ఉంటాయి. కణాన్ని గోడకు అతికించడమే వాటి పని. అవి పట్టుకోవలసిన ఐకామ్-1 అనే ప్రోటీను రక్తనాళం లోపలి గోడ మీద జబ్బు లేని రోజుల్లో కూడా అంతో ఇంతో ఉంటుంది. అయినా ఆ కణాలు ఎక్కడా అంటుకోకుండా రక్తంతో పాటు పోతూనే ఉంటాయి. గ్రాహకం ఉన్నంత మాత్రాన పట్టు రాదన్నమాట. పట్టు ఎప్పుడు రావాలో కణం లోపలి సంకేతం నిర్ణయిస్తుంది. నా పక్షం ఇదే.

బలవాది: సగం ఒప్పుకుంటాను. విశ్రాంతిలో ఉన్న ఇంటిగ్రిన్ దేన్నీ గట్టిగా పట్టుకోలేదు, నిజమే. లోపలి నుంచి సంకేతం రాకపోతే కథ మొదలే కాదు, అదీ నిజమే. కానీ సంకేతం వచ్చాక గ్రాహకాన్ని పూర్తిగా తెరిచేది ఏది? ఒక చివర రక్తనాళం గోడ పట్టి ఉంచాలి, రెండో చివర కణంలోని యాక్టిన్ పోగులు లాగాలి. ఆ లాగుడు పడకపోతే మీ సంకేతం సన్నాహం దగ్గరే ఆగిపోతుందని నేనంటాను.

సంకేతవాది: అయితే ఈ ప్రశ్న పుట్టిన చోటికే వెళదాం. 1989లో మైకేల్ డస్టిన్, తిమోతీ స్ప్రింగర్ 'నేచర్' పత్రికలో ఒక ఫలితం ప్రకటించారు. టి కణం అనే తెల్లకణం మీద ఎల్ఎఫ్ఏ-1 అనే ఇంటిగ్రిన్ ఉంటుంది. వాళ్లు దాని జోలికి పోలేదు. అదే కణం మీద, రోగకారకపు తునకను గుర్తుపట్టే టి కణ గ్రాహకాన్ని ప్రేరేపించారు. నిమిషాల్లో ఎల్ఎఫ్ఏ-1 పట్టు పెరిగింది, కొంతసేపటికి మళ్లీ తగ్గిపోయింది. కణం మీద ఎల్ఎఫ్ఏ-1 సంఖ్యలో మాత్రం మార్పు లేదు. ఒక గ్రాహకానికి అందిన వార్త కణం లోపల నుంచి ప్రయాణించి వేరొక గ్రాహకపు బయటి ముఖాన్ని మార్చిందన్నమాట. మామూలుగా గ్రాహకాలు బయటి కబురును లోపలికి చేరవేస్తాయి. ఇక్కడ కబురు లోపలి నుంచి బయటికి నడిచింది.

ఆ దారిలో ఎవరెవరున్నారో ఇప్పుడు పేరుపేరునా చెప్పగలం. మంట పుట్టిన చోట రక్తనాళం గోడ కీమోకైన్లనే సంకేత అణువులను ప్రదర్శిస్తుంది. వాటిని తాకిన తెల్లకణంలో జి-ప్రోటీన్లు మేల్కొంటాయి. కాల్షియం పెరుగుతుంది, డైఅసైల్‌గ్లిసరాల్ తయారవుతుంది. వాటి ప్రభావంతో రాప్1 అనే చిన్న ప్రోటీను జీటీపీని పట్టుకుని చురుకవుతుంది. చురుకైన రాప్1 టాలిన్ అనే పెద్ద ప్రోటీనును పైపొర దగ్గరికి రప్పిస్తుంది. టాలిన్ తల భాగం ఇంటిగ్రిన్ బీటా గొలుసు తోకను పట్టుకుంటుంది. ఆ తోకలోనే కాస్త అవతల కిండ్లిన్-3 కూర్చుంటుంది. అంతవరకు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్న ఆల్ఫా, బీటా గొలుసుల కాళ్లు విడిపోతాయి. ఆ కదలిక పొరను దాటి బయటి తల దాకా పోతుంది. ఇందులో ఎక్కడ లాగుడు కావలసి వచ్చింది?

బలవాది: చివరి వాక్యం చాలా తేలిగ్గా అనేశారు. "బయటి తల దాకా పోతుంది" అన్న చోటే ఉంది అసలు చిక్కంతా. ఆ తల ఎంత దూరంలో ఉందో చూడండి. 2001లో అమీన్ ఆర్నౌట్ బృందం ఆల్ఫావీ-బీటా3 అనే ఇంటిగ్రిన్ స్ఫటిక నిర్మాణాన్ని బయటపెట్టినప్పుడు చాలామంది నివ్వెరపోయారు. నిటారుగా ఉంటుందనుకున్నది నడుము దగ్గర పూర్తిగా మడిచి ఉంది, తల పొర వైపు వాలి ఉంది. తర్వాతి ఏళ్లలో మూడు ముఖ్యమైన రూపాలు తేలాయి. ఒకటి, మడిచి మూసుకున్నది. రెండు, నిలబడినా తల మూసుకునే ఉన్నది. మూడు, నిలబడి తల తెరుచుకున్నది. గట్టి పట్టు ఈ మూడోదానికే. ఎల్ఎఫ్ఏ-1 తలలో ఐకామ్-1ను పట్టుకునే భాగం మూసుకున్నప్పటికీ తెరుచుకున్నప్పటికీ ఆకర్షణలో తేడా దాదాపు 10,000 రెట్లు. కణంలో కూర్చున్న ఒక ప్రోటీను తోకను కాస్త కదిలిస్తే, పొరకు అవతల 20 నానోమీటర్ల ఎత్తున ఉండే తలలో ఇంత మార్పు వస్తుందా? ఆ కాళ్లేమీ ఇనుప కడ్డీలు కావు, వంగే గొలుసులు. తోక దగ్గరి చిన్న కదలిక అంత పొడవునా నష్టపోకుండా పైకి చేరుతుందని నమ్మడం కష్టం.

లాగుడు లెక్క వేరు. ముడుచుకున్న ఇంటిగ్రిన్ నిలబడితే తల 10 నానోమీటర్లకు పైగా జరుగుతుంది. రెండు చివరలను 2 పైకోన్యూటన్ల బలంతో లాగారనుకోండి. 10 నానోమీటర్ల దూరానికి జరిగే పని 20 పైకోన్యూటన్-నానోమీటర్లు. ఒంటి వేడిమి దగ్గర అణువుల సహజ కదలికకు ఉండే శక్తి ఇదే కొలతలో 4కు కాస్త ఎక్కువ. ఈ రెంటి నిష్పత్తిని ఘాతాంకంగా వేస్తే నిలబడిన రూపం వైపు దాదాపు 100 రెట్ల మొగ్గు వస్తుంది. ఇప్పుడు బలాన్ని 4 పైకోన్యూటన్లు చేయండి. మొగ్గు రెట్టింపు కాదు, 10,000 రెట్లు దాటుతుంది. కొద్దిపాటి బలానికి ఇంత తేడా! తెల్లకణానికి కావలసిందీ ఇదే. పట్టు లేదు, లేదు, లేదు అన్నంతసేపూ లేకుండా, ఒక్కసారిగా ఉండాలి.

సంకేతవాది: లెక్క బాగుంది. కానీ కాగితం మీది లెక్కకు ప్రయోగం సాక్ష్యం ఇవ్వాలి. నా దగ్గర సాక్ష్యం ఉంది. 2010లో శాన్ డియెగోలో మార్క్ గిన్స్‌బర్గ్ బృందం రక్తఫలకికల ఇంటిగ్రిన్‌ను కణం నుంచి పూర్తిగా బయటికి తీసింది. అతి చిన్న కొవ్వుపొర బిళ్లలు తయారుచేసి ఒక్కో బిళ్లలో ఒక్కో ఇంటిగ్రిన్‌ను నిలిపింది. యాక్టిన్ లేదు, లాగేవాడు లేడు, పక్కన గుమికూడటానికి ఇంకో ఇంటిగ్రిన్ లేదు. ఆ బిళ్లలకు టాలిన్ తల భాగం ఒక్కటే కలిపారు. ఇంటిగ్రిన్ చురుకైంది, ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో నిలబడినవీ కనిపించాయి. మీరు అసాధ్యమంటున్న పని టాలిన్ తల ఒంటరిగా చేసి చూపింది.

ఇంకో సంగతి. రక్తఫలకికలను ఏడీపీతో ప్రేరేపిస్తే అవి ద్రవంలో తేలే ఫైబ్రినోజెన్ అనే ప్రోటీనును పట్టుకుంటాయి. తేలుతున్న అణువును ఎవరు లాగి పట్టి ఉంచుతారు? ఆ చివర ఆధారమే లేదు. ఆధారం లేని చోట లాగుడు ఎలా పుడుతుంది?

బలవాది: ఇది గట్టి దెబ్బే, తప్పించుకోను. రక్తఫలకికల విషయంలో మీరే గెలిచారు, అక్కడ లోపలి సంకేతం ఒక్కటే చాలినంత పని చేస్తుంది. కానీ బిళ్లల ప్రయోగంలో టాలిన్ తల తగిలిన ఇంటిగ్రిన్లన్నీ నిలబడలేదు, కొన్నే నిలబడ్డాయి. అవసరమైనప్పుడు కొన్ని నిలబడి దొరికినా ఫలకికకు సరిపోతుంది, ఎందుకంటే ఫైబ్రినోజెన్ రక్తంలో పుష్కలం. తెల్లకణం అవసరం అలా కాదు. అది పట్టుకోవలసిన ఐకామ్-1 వేరొక కణం పొరలో నాటుకుని ఉంటుంది. పట్టుకున్న మరుక్షణం రక్తప్రవాహం కణాన్ని ముందుకు తోస్తుంది. ఆ తోపుకు తట్టుకునేంత పట్టు ఉండాలి. మొగ్గు కొంచెం పెరిగితే చాలదు.

పైగా మీరు గమనించారో లేదో, మీ గొలుసులో చివరి పాత్రధారి టాలిన్ తలను మాత్రమే బిళ్లలో కలిపారు. నిజమైన టాలిన్‌కు తల వెనక పొడుగాటి కాండం ఉంది. ఆ కాండం యాక్టిన్‌ను పట్టుకుంటుంది. తోకను కదిలించడమే టాలిన్ పని అయితే ప్రకృతి దానికి అంత కాండం ఎందుకు తగిలించినట్టు?

సంకేతవాది: అతికాక కణం బలంగా నిలబడటానికి. అది రెండో అంకం. మొదటి అంకంలో తెరవడం, రెండో అంకంలో బిగించడం. తెల్లకణం గోడ మీద దొర్లుతూ వస్తుంది. ఆ దొర్లుడు సెలెక్టిన్లనే అతుకుడు అణువుల పని. కీమోకైన్ తగిలాక క్షణంలో సగం కూడా కాకముందే ఆగిపోతుంది. అంత తక్కువ వ్యవధిలో యాక్టిన్ పోగులు కొత్తగా అల్లుకుని, పట్టుకుని, లాగి తెరవాలంటే సమయమెక్కడిది? టాలిన్ పొర దగ్గరే సిద్ధంగా ఉంటే సరిపోతుంది.

బలవాది: సరిగ్గా ఆ సందర్భాన్నే పరీక్షించిన పని ఒకటి ఉంది. ఇజ్రాయెల్‌లో రోనెన్ అలోన్ బృందం 2005లో చూపించింది ఏమిటంటే, గోడకు అంటి ఉన్న కీమోకైన్ అయితేనే లింఫోసైట్ అనే తెల్లకణం ఆ కాసింత సేపట్లో ఆగుతుంది. అదే కీమోకైన్‌ను ద్రవంలో కలిపి ఇస్తే ఆ క్షణపు ఆగుడు రాదు. సంకేతం రెండు చోట్లా ఒకటే కదా? తేడా ఎక్కడుంది? కీమోకైన్, ఐకామ్-1 రెండూ ఒకే చోట గోడకు నాటుకుని, కణానికి ఒకేసారి తగలాలి. అదే బృందం 2001లో ఇంకోటి చెప్పింది. గోడ మీద కీమోకైన్ ఉన్నా రక్తప్రవాహపు ఒరిపిడి లేకపోతే లింఫోసైట్లు గోడ దాటి పోవు. ఒరిపిడి అంటే బలమే కదండీ. యాక్టిన్ ఇంకా సర్దుకోకముందే రక్తం కణాన్ని లాగేస్తోంది. లాగేవాడు యాక్టిన్ ఒక్కడే అని నేను ఎప్పుడన్నాను?

సంకేతవాది: ద్రవంలో కలిపిన కీమోకైన్ విషయం ఒప్పుకుంటాను, అది నా గొలుసుకు ఇబ్బందికరమైన ఫలితమే. కానీ దాన్ని ఇంకోలా చదవవచ్చు. సంకేతం కణమంతటా ఒకేలా పాకదు. తగిలిన చోట, ఆ కొద్ది జాగాలో గాఢంగా పుడుతుంది. ఇంటిగ్రిన్ కూడా అక్కడే ఉంటే పని జరుగుతుంది. అంటే ప్రశ్న సంకేతం ఎక్కడ పుట్టిందన్నది, బలం గురించి కాదు.

విశ్రాంతి కణాల్లో యాక్టిన్ ఎల్ఎఫ్ఏ-1ను కట్టిపడేస్తుందని చూపిన పాత ప్రయోగాలు కూడా ఉన్నాయి. ఆ కట్టు కొంచెం సడలిస్తే ఎల్ఎఫ్ఏ-1 పొరలో స్వేచ్ఛగా తిరిగి, ఐకామ్-1ను వెతుక్కుని గుమికూడుతుంది. అప్పుడు యాక్టిన్ విడుదల చేయడమే చురుకుదనానికి దారి, లాగడం కాదు.

బలవాది: మొదట విడిపించి తర్వాత పట్టుకుంటుంది. ఈ రెండూ ఒకదాన్నొకటి కాదనవు. ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పకుండా ఉండలేను. 1989 ప్రయోగంతో మీరు మొదలుపెట్టారు కదా, ఆ ఇద్దరిలో ఒకరైన స్ప్రింగరే 2017లో జింగ్ లీతో కలిసి, ఇంటిగ్రిన్ నిలబడటం యాక్టిన్ బలానికి అతి సున్నితంగా స్పందిస్తుందని లెక్కలు వేసి చూపించారు. మీ పక్షం మూలపురుషుడు మా ఇంటికి వచ్చేశాడు.

సంకేతవాది: వచ్చినా పాత ఇంటి పత్రాలు చింపేయలేదు. టాలిన్ కలవకపోతే ఆ లెక్కలో బలం ఎక్కడికీ చేరదు. ఆ పరిశోధనలో టాలిన్‌కు రెండు పనులూ ఉన్నాయి.

బలవాది: అందుకే అంటున్నాను, టాలిన్ కలవడమే పట్టు అని మీరు చెబుతున్న చోట నేను ఆగడం లేదని. ఫిలడెల్ఫియాలో జానిస్ బర్కార్ట్ బృందం 2015లో టి కణం ఎదురుకణాన్ని ఆనుకునే చోటు చూసింది. అక్కడ యాక్టిన్ అంచు నుంచి మధ్యకు నిరంతరం పారుతుంటుంది. పారుడు ఉన్నంతసేపు తెరుచుకున్న ఎల్ఎఫ్ఏ-1 కనబడుతుంది. మందులతో ఆ పారుడును స్తంభింపజేస్తే తెరుచుకున్న రూపం తగ్గిపోతుంది. ఆపగానే కింద ఉన్న టాలిన్ ఎక్కడికీ మాయం కాలేదు కదా? అదే బృందం ఇంకో వైపు నుంచి కూడా చూసింది. ఎదురుగా ఉన్న డెండ్రిటిక్ కణం తన ఐకామ్-1ను లోపలి పోగులకు కట్టి కదలకుండా ఉంచితే టి కణం బాగా అంటుకుంటుంది. ఐకామ్-1 పొరలో ఇష్టం వచ్చినట్టు జారిపోతుంటే అంటుకోవడం తగ్గుతుంది. జారే దాన్ని లాగితే ఎదురు బలం రాదు కాబట్టి.

ఇంకో మాట కూడా వినండి. చాలా బంధాలు లాగితే త్వరగా తెగుతాయి. ఎల్ఎఫ్ఏ-1, ఐకామ్-1ల బంధం మాత్రం ఒక హద్దు వరకు లాగేకొద్దీ ఎక్కువసేపు నిలుస్తుందని 2010లో ఛెంగ్ ఝూ బృందం ఒక్కొక్క బంధాన్ని లాగి కొలిచి చూపింది. ఉచ్చుముడి లాగితే బిగిసినట్టు. ఇలాంటి బంధాలు ఉండవచ్చని 1988లోనే కాగితం మీద ఊహించారు, మొదట కొలిచి చూపింది 2003లో, పి-సెలెక్టిన్ మీద. దొర్లడానికీ ఆగడానికీ వాడే రెండు రకాల అణువులూ ఒకే తరహాలో లాగుడును వాడుకుంటున్నాయంటే అది యాదృచ్ఛికం కాదు.

సంకేతవాది: బంధం నిలవడం గురించి మీరన్నది ఒప్పుకుంటాను. ఆ భాగంలో నాకు వాదన లేదు. కానీ ఒక కొలత గురించి నన్ను అడగనివ్వండి. తెరుచుకున్న ఎల్ఎఫ్ఏ-1 ఉందని మీరు ఎలా కనిపెడుతున్నారు?

బలవాది: ఆ రూపాన్ని మాత్రమే గుర్తుపట్టే యాంటీబాడీలతో.

సంకేతవాది: అవే యాంటీబాడీలతో చూస్తే, కీమోకైన్ తగిలిన తెల్లకణాల మీద ఐకామ్-1 ఏదీ తగలకముందే కొంత ఎల్ఎఫ్ఏ-1 తెరుచుకుని కనిపిస్తుంది. ఎదురు ఆధారమే లేని చోట.

బలవాది: కనిపిస్తుంది, కానీ ఆ యాంటీబాడీ చూపేది చూపడంతో ఆగదు. ఇంటిగ్రిన్ రూపాలు క్షణక్షణం మారుతుంటాయి. తెరుచుకున్నప్పుడు యాంటీబాడీ వచ్చి పట్టుకుంటే మళ్లీ మూసుకోనివ్వదు. అలా పోగుపడిన వాటిని లెక్కపెట్టి, మొదటి నుంచి అన్నీ తెరుచుకునే ఉన్నాయనుకుంటే పొరపాటే. అయితే ఇదే అభ్యంతరం నా సాక్ష్యాలకూ తగులుతుందని నాకు తెలుసు. బర్కార్ట్ ప్రయోగంలోనూ యాంటీబాడీలే. కొలిచే పరికరమే కొలవవలసినదాన్ని మార్చేస్తోంది. ఇద్దరం అందులోనే ఉన్నాం.

సంకేతవాది: అందుకే కణం దగ్గర ఆగకుండా రోగి దగ్గరికి పోదాం. రోగికి యాంటీబాడీ ఎక్కించలేదు, కొవ్వుబిళ్లలో పెట్టలేదు. పుట్టుకతోనే అతుకుడు లోపమున్న పిల్లల్లో మూడు తరగతులున్నాయి. మొదటి తరగతిలో ఎల్ఎఫ్ఏ-1లో భాగమైన బీటా2 గొలుసు జన్యువు చెడి ఆ ఇంటిగ్రిన్లే ఉండవు. రెండోదానిలో చక్కెర అణువు ఫ్యూకోస్ తగలక దొర్లుడే కుదరదు. (ఆ పిల్లలకు రక్తం గ్రూపు కూడా అరుదైన బాంబే గ్రూపే అవుతుంది. ఆ గ్రూపును 1952లో బొంబాయిలోనే గుర్తించారు.) నాకు ముఖ్యమైనది మూడోది. ఇంటిగ్రిన్లు అన్నీ ఉన్నాయి, లెక్కలో తేడా లేదు, కణాలు దొర్లుతాయి కూడా. కానీ ఆగవు. కారణం కిండ్లిన్-3 లేకపోవడం. లోపలి ఆదేశం చేరకపోతే గ్రాహకం ఎన్ని ఉన్నా వ్యర్థమని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యమేం కావాలి?

బలవాది: ఇక్కడ మీ పక్షం ఒకసారి తొందరపడిందని గుర్తు చేయాలి. ఆ జబ్బును మొదట రాప్1ను మేల్కొలిపే కాల్‌డాగ్-జెఫ్1 అనే ప్రోటీను లోపంగా ప్రకటించారు. 2007లో. ఎందుకంటే అది మీ గొలుసులో చక్కగా ఇమిడిపోయింది. 2009లో నిజం తేలింది. అసలు చెడింది పక్కనే ఉన్న కిండ్లిన్-3 జన్యువు. కిండ్లిన్-3ను తిరిగి అందిస్తే పట్టు వచ్చింది. ఆ తర్వాత కాల్‌డాగ్-జెఫ్1 ఒక్కటే లోపించిన రోగులు దొరికారు. వాళ్లకు రక్తస్రావం ఉంది కానీ తెల్లకణాల వైపు అంత పెద్ద ఇబ్బంది లేదు. గొలుసులో ఒక లంకె తెగితే ఇంకోటి సర్దుకుంటుందన్నమాట. కిండ్లిన్-3 తెగితే మాత్రం సర్దుకోలేదు. ఎందుకంటారు?

సంకేతవాది: ఎందుకంటే అది గొలుసులో చివరి మెట్టు. దారులెన్నయినా చేరేది అక్కడికే.

బలవాది: నేనైతే అది లాగుడుకు పునాది కాబట్టి అంటాను. కిండ్లిన్, టాలిన్ రెండూ ఇంటిగ్రిన్ తోకను లోపలి పోగులకు కలిపేవి. అది తెగితే లాగడానికి పట్టే ఉండదు. మీకు చివరి మెట్టు, నాకు మొదటి మెట్టు, అణువు మాత్రం ఒకటే. ఈ జబ్బు మీకెంత సాక్ష్యమో నాకూ అంతే సాక్ష్యం. ఆ పిల్లల వల్ల మన తగువు తెగదు.

సంకేతవాది: తెగదు, నిజమే. ఇంకో కోణం చూద్దాం. ఇంతవరకు పట్టు రావడం గురించే మాట్లాడాం, వదలడం గురించి కాదు. 2005లో ఒక బృందం ఎలుకల్లో ఎల్ఎఫ్ఏ-1 ఆల్ఫా గొలుసు తోకలో ఒక చిన్న ముక్కను తొలగించింది. ఆ ముక్క ఇంటిగ్రిన్‌ను విశ్రాంతిలో ఉంచే కట్టు. అది పోగానే ఎల్ఎఫ్ఏ-1 ఎప్పుడూ చురుకుగానే ఉంది. ఆ ఎలుకల రోగనిరోధక శక్తి పెరిగి ఉంటుందనుకుంటాం. తగ్గింది. న్యూట్రోఫిల్స్ చేరవలసిన చోటికి సరిగా చేరలేదు, టి కణాలు సరిగా స్పందించలేదు. వదలలేని పట్టు పట్టే లేనిదానంత నష్టం చేసింది. లోపలి సంకేతం ఆపు అని చెప్పగలగాలి. లాగుడు ఎప్పుడు ఆగాలో లాగుడుకు తెలియదు కదా!

బలవాది: ఇది మీరు చెప్పిన వాటిలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది. కణం నడుస్తున్నప్పుడు ముందు భాగంలో పట్టుకోవాలి, వెనక భాగంలో వదలాలి. లాగుడు రెండు చోట్లా ఉంటుంది. ఒకచోట బిగించే బలం ఇంకోచోట ఎందుకు విడిపిస్తుంది? లాగుడు పట్టి ఉన్న దిశలో ఉందా, అడ్డంగా ఉందా, అన్నదాన్ని బట్టి అని నేను చెప్పగలను. ఎల్ఎఫ్ఏ-1లు యాక్టిన్ పారుడు దిశలోనే వరుసగా ఒరిగి ఉంటాయని 2017లో చూపారు కూడా. కానీ వెనక భాగంలో వదిలే పని పూర్తిగా బలంతోనే జరుగుతుందని ఒప్పించగలనని అనుకోను. అక్కడ టాలిన్‌ను కోసేసే కాల్పెయిన్ లాంటివి, ఇంటిగ్రిన్‌ను లోపలికి లాగేసుకునే దారులు, మీ వైపు అధికారులే ఉన్నారు.

సంకేతవాది: అయితే మందుల దగ్గరికి వద్దాం. పుస్తకంలోని ప్రశ్న వైద్యుడి చేతికి చేరేది అక్కడే. ఎల్ఎఫ్ఏ-1ను మూసేసే ఎఫాలిజుమాబ్ సోరియాసిస్‌కు 2003లో అమెరికాలో అనుమతి పొందింది. మెదడులో జేసీ వైరస్ విజృంభించే పీఎంఎల్ అనే ప్రాణాంతక జబ్బు కొందరికి రావడంతో 2009లో వెనక్కి తీసుకున్నారు. ఆల్ఫా4 ఇంటిగ్రిన్‌ను అడ్డుకునే నటాలిజుమాబ్ 2004లో వచ్చి, అదే జబ్బు వల్ల 2005లో ఆగిపోయి, కఠిన నిబంధనలతో 2006లో తిరిగొచ్చింది. ఇంటిగ్రిన్‌ను కణమంతటా మూసేస్తే మంచి పట్టూ చెడు పట్టూ కలిసి పోతాయి. అందుకే నేనంటాను, గ్రాహకాన్ని వదిలేసి దానికి వచ్చే ఆదేశాన్ని దిద్దాలి. ఒక కణంలో ఒక దారి ముఖ్యం, ఇంకో కణంలో ఇంకోటి. రాప్1, టాలిన్‌ల మధ్య ఉండే రియామ్ అనే ప్రోటీనునే చూడండి. అది లేని ఎలుకల్లో తెల్లకణాల బీటా2 ఇంటిగ్రిన్లు దెబ్బతిన్నాయి, రక్తఫలకికలకు మాత్రం ఏమీ కాలేదు. అంటే తెల్లకణాన్ని మాత్రమే ముట్టుకునే వీలు సంకేతంలో ఉంది. బలంలో ఉందా?

బలవాది: ఉంది, ఇంకో రూపంలో. రక్తఫలకికల ఇంటిగ్రిన్‌ను అడ్డుకునే మాత్రలు తొంభైలలో చాలా ఆశలతో వచ్చాయి. సూది మందులు పనిచేశాయి కదా, మాత్రలు ఎందుకు చేయవనుకున్నారు. ప్రయోగాల్లో మాత్రలు వేసుకున్నవాళ్లలో మరణాలు తగ్గలేదు సరికదా, పెరిగాయి. మందు అణువు ఫైబ్రినోజెన్‌ను అనుకరించి ఇంటిగ్రిన్‌ను తెరుచుకున్న రూపం వైపే నెట్టిందన్నది ఇప్పుడు ఎక్కువమంది చెప్పే కారణం. రూపాల మొగ్గును లెక్కించకుండా చేసిన మందు ఎదురు తిరిగింది. 2022లో స్ప్రింగర్ బృందం దానికి జవాబు కనిపెట్టింది. మూసిన రూపంలో ఒక నీటి అణువు కీలక స్థానంలో ఉంటుంది. దాన్ని అక్కడే ఉంచేలా మందు అణువును దిద్దితే, ఇంటిగ్రిన్ మూసుకునే ఉండిపోతుంది. ఇది సంకేతం దిద్దిన మందు కాదండీ. రూపాల మొగ్గు లెక్క తెలిసినవాళ్లు చేసిన మందు.

సంకేతవాది: రూపాల లెక్క మీ ఒక్కరి సొత్తు అనకండి. ఆ లెక్క ఎవరు వేసినా బాగుంటుంది. 2014లో వచ్చిన వెడోలిజుమాబ్‌ను చూడండి. అది పేగుల వైపు వెళ్లే కణాల ఆల్ఫా4-బీటా7ను మాత్రమే అడ్డుకుంటుంది, అందుకే పెద్దపేగు పుండ్ల జబ్బులో పీఎంఎల్ భయం పెద్దగా లేకుండా వాడగలుగుతున్నారు. అక్కడ గెలిపించింది సంకేతమూ కాదు, బలమూ కాదు, ఏ గ్రాహకం ఏ చోట ఉందన్న ఎంపిక. మనిద్దరి వాదాలకూ చోటులేని చోట మంచి మందు పుట్టింది.

బలవాది: ఆ మాట నా కన్నా మీకే ఎక్కువ కష్టం. ఆదేశాన్ని దిద్దడమే దారి అన్నది మీరు.

సంకేతవాది: కష్టమే. దాచుకోను. అయినా కిండ్లిన్ జబ్బు ఉన్న శిశువు దగ్గర మన ఇద్దరి మాట ఒకటేనని అనుకుంటాను.

బలవాది: ఒకటే. ఆ జబ్బుకు ఇప్పటికి నమ్మకమైన చికిత్స ఎముక మజ్జ మార్పిడి. అది సకాలంలో జరగాలంటే ముందు గుర్తుపట్టాలి.

సంకేతవాది: అయితే ఇది చదివే శిశువైద్యులకు మా ఇద్దరి తరఫునా ఒక విన్నపం. బొడ్డు ఊడటానికి నెల దాటినా, తెల్లకణాల లెక్క అసాధారణంగా ఎక్కువున్నా, పుండు చీము పట్టకుండా ముదిరిపోతున్నా బీటా2 ఇంటిగ్రిన్ సంఖ్యను చూసే పరీక్ష చేయిస్తారు, మంచిదే. ఆ సంఖ్య సరిగా ఉందని ఫలితం వస్తే అక్కడితో ఆగకండి. ఆ బిడ్డకు చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం కారడం, ఒంటి మీద కమిలిన మచ్చలు కూడా ఉంటే, కిండ్లిన్-3ను తయారుచేసే ఫెర్మ్‌టి3 జన్యువును పరీక్షకు పంపండి. సంఖ్య చూసే పరీక్ష ఈ జబ్బును పట్టుకోలేదు.